ఎఫ్‌ఆర్‌సీ కిట్‌లో ఏముంటుందో ముందే గెస్ చేయడం ఎలా?

అమెరికాలో హైస్కూల్ పిల్లలు సొంతంగా రోబో తయారుచేసి ఆడే ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్‌కి (ఎఫ్‌ఆర్‌సీ) జనవరి మొదట్లో ఒక శనివారం కికాఫ్ ఉంటుంది, గేమ్ ఏంటో అప్పుడే చెప్తారు, రోబోకి కావాల్సిన సామాను ఉండే కిట్ ఆఫ్ పార్ట్స్ డబ్బాలు కూడా అప్పుడే చేతికొస్తాయి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండే మనవాళ్ళ పిల్లలు టీమ్‌లో ఉన్నారంటే డిసెంబర్ అంతా ఇంట్లో ఇదే గోల.

ముందు గత రెండు మూడేళ్ళ కిట్ లిస్టులు పక్కపక్కన పెట్టి, ప్రతి ఏడూ కనిపించేవాటికి టిక్ కొట్టేయండి. సగం పని అక్కడే అయిపోతుంది.

తర్వాత టీమ్‌కి దగ్గరుండి నేర్పే మెంటర్‌ని రెండు ప్రశ్నలు అడగండి. మన టీమ్ కొత్తదా పాతదా? రోబోరియో (రోబోని నడిపే చిన్న కంప్యూటర్) లాంటి కంట్రోల్ సామాను కొత్త టీమ్‌లకి కిట్‌లో వస్తుంది, పాతవాళ్ళు దాదాపుగా ఉన్నదే వాడుకోవాలి. రెండోది, డ్రైవ్ బేస్ (రోబోని కదిలించే కింది భాగం) కావాలన్నామా వద్దన్నామా? ఛాసిస్, చక్రాలు, గేర్‌బాక్సులు వచ్చేది అందులోనే కాబట్టి వద్దని రాసిచ్చేసి ఉంటే డబ్బా బాగా తేలికైపోతుంది, ఇది చాలామంది అడగనే అడగరు.

ఇక మిగిలింది స్పాన్సర్లు ఇచ్చే సరుకు. వాళ్ళ దగ్గర కొత్తగా ఏముందో చూడండి. 2012 కిట్‌లో కైనెక్ట్ (ఒంటి కదలికల్ని పసిగట్టే కెమెరా) వచ్చింది, మైక్రోసాఫ్ట్ ఇచ్చింది, ఆ సంగతి కికాఫ్‌కి ముందే అనౌన్స్ చేశారు కూడా. 2015లో పాత కంట్రోలర్ సీరియో పోయి రోబోరియో రావడమూ అంతే, ఇలాంటి పెద్ద మార్పులు దాచరు. అందుకే సెప్టెంబర్ నుంచి అఫీషియల్ అనౌన్స్‌మెంట్లు చదవండి చాలు.

కికాఫ్‌కి ముందు గేమ్ గురించి వచ్చే హింట్ల మీద మాత్రం ఎక్కువ నమ్మకం పెట్టుకోకండి. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఈసారి నీళ్ళలో గేమ్ అంటారు, అది పాత జోక్, కరెంటు రోబోలని నీళ్ళలో ఎవరు దింపుతారండీ! 2009 గేమ్ లూనసీలో అయితే చంద్రుడి మీద నడిచినట్టు ఉండాలని జారిపోయే నేల వేసి, జారే చక్రాలు ఇచ్చి, అవే వాడాలన్నారు, ముందే మంచి గ్రిప్ ఉన్న చక్రాలు కొనిపెట్టుకున్నవాళ్ళకి ఆ ఏడాది అవి ఎందుకూ పనికిరాలేదు.

కాబట్టి గెస్ చేసినవాటిలో ఖాయం అనుకున్నవి ఒక వైపు, డౌట్ ఉన్నవి ఇంకో వైపు రాసుకోండి, డౌట్ ఉన్నవాటి కోసం డబ్బులు పెట్టొద్దు. డబ్బా తెరిచాక అఫీషియల్ చెక్‌లిస్ట్‌తో ఒక్కొక్కటీ సరిచూసుకుని, ఏదైనా తగ్గితే వెంటనే మెంటర్‌కి చెప్పండి.