మోకాళ్ల అరుగుదలకు పీఆర్‌పీ ఇంజెక్షన్: ముందు అడగవలసినవి, తరువాత గమనించవలసినవి

మోకాలి కీళ్ల అరుగుదలకు రోగి రక్తం నుంచే తయారుచేసి ఇచ్చే ఇంజెక్షన్లలో ఎక్కువగా వినిపించేది పీఆర్‌పీ, అంటే ప్లేట్‌లెట్లు అధికంగా ఉన్న ప్లాస్మా. రక్తాన్ని గాజుపూసలున్న గొట్టంలో శరీర ఉష్ణోగ్రత వద్ద గంటల తరబడి ఉంచి, వాపును అణిచే ప్రొటీన్లు పెరిగాక సీరాన్ని వేరుచేసి ఇచ్చే పద్ధతి కూడా ఉంది. వాడుకలో పీఆర్‌పీయే ఎక్కువ కనుక ఇక్కడి వివరాలన్నీ దానికి సంబంధించినవే.

దీని నుంచి ఏమి ఆశించవచ్చో ముందే తేల్చుకోవాలి. కొందరికి నొప్పి, బిగుతు తగ్గి ఆరు నెలల నుంచి ఏడాది వరకు నడక సులువవుతుంది. అరిగిన గుజ్జు తిరిగి పెరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తే మాత్రం, ఆ మాటకు నమ్మదగిన రుజువు లేదు. ఆస్ట్రేలియాలో 288 మందిపై జరిపి 2021లో ఫలితాలు వెల్లడించిన ప్రయోగంలో వారానికి ఒకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు ఇచ్చి ఏడాది తరువాత చూస్తే, నొప్పిలో గాని గుజ్జు పరిమాణంలో గాని పోలిక కోసం ఇచ్చిన, మందు లేని ఉప్పునీటి ఇంజెక్షన్‌కూ దీనికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ ప్రయోగంలో ప్లేట్‌లెట్ల సాంద్రత తక్కువగా ఉందని విమర్శ వచ్చింది. అదే ఏడాది వెలువడిన మరో అధ్యయనంలో 8 మిల్లీలీటర్లలో సుమారు 1000 కోట్ల ప్లేట్‌లెట్లు ఉండేలా ఇచ్చినప్పుడు, కీలులో జారుడు పెంచేందుకు ఇచ్చే హయలురోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ తీసుకున్నవారి కంటే వీరికి ఎక్కువ మేలు జరిగింది. వైద్య సంఘాలదీ ఒక మాట కాదు: అమెరికాలోని కీళ్లవ్యాధుల నిపుణుల సంఘం (అమెరికన్ కాలేజ్ ఆఫ్ రుమటాలజీ) 2019 మార్గదర్శకాల్లో దీన్ని వాడవద్దని గట్టిగా చెప్పగా, అక్కడి ఎముకల శస్త్రవైద్యుల అకాడమీ 2021లో నొప్పి తగ్గవచ్చని, అయితే ఆధారం పరిమితమని పేర్కొంది.

అందువల్ల వైద్యుణ్ణి కలిసినప్పుడు మొదట నిలబడి తీయించుకున్న ఎక్స్‌రే చూపించి, అరుగుదల 0 నుంచి 4 వరకు ఉండే స్థాయిల్లో ఎక్కడ ఉందో అడగాలి. 2, 3 స్థాయిలవారికి ఉపయోగపడే అవకాశం ఎక్కువ. ఎముకకు ఎముక తగిలే నాలుగో స్థాయిలో దీనిపై డబ్బు పెట్టడం సాధారణంగా వృథా. ప్లేట్‌లెట్లు బాగా తక్కువగా ఉన్నవారు, రక్త క్యాన్సర్ ఉన్నవారు, ఒంట్లో గాని మోకాలి చర్మంపై గాని ఇన్ఫెక్షన్ ఉన్నవారు వేయించుకోకూడదు. తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గించుకోవడం అప్పటిదాకా మొదలుపెట్టని వారు ముందు వాటితోనే మొదలుపెట్టాలి. ఒక కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలిపై సుమారు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. ఇంజెక్షన్ వేయించుకున్నా వీటి అవసరం తీరదు.

అన్నింటికన్నా ముఖ్యంగా అడగవలసినది సిరంజిలో ఏముంటుందన్నది. పీఆర్‌పీ అనే పేరు ఒక్కటే అయినా, తయారీని బట్టి అందులోని ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు ఎంతో మారిపోతాయి. లెక్క సులువే. రక్తంలో మైక్రోలీటరుకు 2 లక్షల ప్లేట్‌లెట్లు ఉండి, వాటిని నాలుగింతలు చేసి 5 మిల్లీలీటర్లు ఇస్తే మోకాలిలోకి చేరేది 400 కోట్లు. ఎన్ని ఇంతలు చేస్తారు, ఎన్ని మిల్లీలీటర్లు ఇస్తారు, తెల్లకణాలు ఉంచుతారా తీసేస్తారా, మొత్తం ఎన్ని ఇంజెక్షన్లు అన్నవి మొహమాటపడకుండా అడిగి కాగితంపై రాయించుకోవాలి. సమాధానం దాటవేసే చోట వేయించుకోకపోవడమే మంచిది.

ఇంజెక్షన్‌కు సుమారు వారం ముందు నుంచి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సాధారణంగా ఆపమంటారు, ఎందుకంటే అవి ప్లేట్‌లెట్ల పనిని అడ్డుకుంటాయి. గుండె కోసం వాడే ఆస్పిరిన్‌ను, రక్తం పలుచబడే మందులను మాత్రం ఆ మందు రాసిన వైద్యుడు చెప్పకుండా ఆపకూడదు.

ఆ రోజు చేతి నుంచి సాధారణంగా 15 నుంచి 60 మిల్లీలీటర్ల రక్తం తీసి, గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపి, సెంట్రిఫ్యూజ్ యంత్రంలో తిప్పుతారు. బయటికి తీసిన గొట్టంలో అడుగున ఎర్రకణాలు, పైన లేత పసుపు ప్లాస్మా, ఆ రెంటి మధ్య పలుచని తెల్లటి పొర కనిపిస్తాయి. రక్తం తీసిన వెంటనే గొట్టంపై మీ పేరు రాశారో లేదో, తరువాత సిరంజిపైనా అదే పేరు ఉందో లేదో మీరే చూసుకోవాలి. ఒకరి రక్తం మరొకరికి వెళ్తే హెపటైటిస్, హెచ్ఐవీ సోకే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఇది అనుమానంతో అడిగినట్లు ఎవరూ భావించనక్కరలేదు. మోకాలిలో నీరు చేరి ఉంటే ముందు దాన్ని తీసి, ఆపై మోకాలి చిప్ప పక్క నుంచి సూదిని కీలులోకి పంపుతారు. అల్ట్రాసౌండ్ సాయంతో చేస్తే సూది సరైన చోటికి చేరిందని తెలుస్తుంది.

తరువాత రెండు మూడు రోజులు నొప్పి, వాపు పెరగడం మామూలే. పారాసిటమాల్ సరిపోతుంది, పైన చెప్పిన నొప్పి మాత్రలను వైద్యుడు చెప్పేదాకా మళ్లీ మొదలుపెట్టకూడదు. ఇంట్లో మెల్లగా నడవవచ్చు, బరువులెత్తడం, పరుగెత్తడం మానాలి. జ్వరం వచ్చినా, మోకాలు ఎర్రబడి వేడెక్కినా, కాలు మోపలేనంతగా నొప్పి పెరిగినా అది కీలులో చీము పట్టడం కావచ్చు కనుక సొంతంగా యాంటీబయాటిక్ మింగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఫలితం నాలుగు నుంచి ఆరు వారాలకు గాని తెలియదు. ఇంజెక్షన్‌కు ముందే మెట్లు దిగేటప్పుడు, కుర్చీలో నుంచి లేచేటప్పుడు నొప్పి 0 నుంచి 10 వరకు ఎంత ఉందో రాసిపెట్టుకుని, ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ రాసి పోల్చుకోవాలి. మూడు నెలలకూ అంకె కదలకపోతే మరో విడతకు ఒప్పుకోవడంలో అర్థం లేదు; అప్పుడు వైద్యుడితో మాట్లాడవలసినది వ్యాయామ చికిత్స, మోకాలి పట్టీ, అవసరమైతే శస్త్రచికిత్స గురించి.