ముసలోళ్లను రెక్క పట్టి గుంజకండి: మంచం మీంచి లేపే పద్ధతి

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. మంచం మోకాలి ఎత్తున, అంటే సుమారు 18 అంగుళాలు ఉండాలి. తక్కువైతే కోళ్ల కింద చెక్కముక్కలు పెట్టండి. నులక మంచం గుంట పడితే బిగించండి. కుర్చీ చేతులున్న చెక్కది కావాలి. ప్లాస్టిక్ కుర్చీ వద్దే వద్దు, బండల మీద జారుతుంది.

మొదట పక్కకు ఒత్తిగిలమని, కాళ్లు కిందికి దించి కూర్చోబెట్టండి. వెంటనే లేపొద్దు. బీపీ గోళీలు వేసుకునేవాళ్లకు కండ్లు తిరుగుతాయి. రెండు నిమిషాలు పాదాలు ఆడించమనండి. తర్వాత మంచం అంచుకు జరిగి, మడమలు మోకాళ్ల కన్నా కొంచెం వెనక్కి పెట్టుకోవాలి.

ఇగ లేపుడు. అందరూ చెడగొట్టేది ఇక్కడే. కొడుకు ఎదురుగా నిలబడి, రెండు రెక్కలు పట్టి, "లెవ్వు నాయినా" అని గుంజుతాడు. గుంజితే ఎవరైనా వెనక్కే బిగుసుకుంటారు. పట్టు తప్పితే ఇద్దరూ పడతారు, లేదంటే భుజం కీలు దెబ్బతింటుంది. పైగా ముందు మీరు గోడలా నిలబడితే ఆయన వంగేదెక్కడ?

మనిషి లేవాలంటే ముందు ముందుకు రావాలి, పైకి తర్వాత. ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగితే పిర్రలు వాటంతటవే తేలుతాయి. పడిపోతామనే భయంతో పెద్దవాళ్లు వంగరు. అందుకే మీరు బలం లేని వైపు పక్కన నిలబడి, నడుముకు చుట్టిన తువ్వాలను వెనక నుంచి పట్టుకోండి. చేతులతో మంచాన్ని ఆయనే నొక్కాలి. ఒకటి, రెండు అంటూ ముందుకు ఊగి, మూడుకు లేవాలి. మీరు పట్టు మాత్రమే ఇవ్వాలి, ఎత్తొద్దు.

నల్గొండ జిల్లా మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ బోరు నీళ్లు ఏండ్ల తరబడి తాగి వెన్ను బిగుసుకుపోయినవాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చాయి గానీ ఆ వెన్ను మళ్లీ మెత్తబడదు. మెడ మీద చెయ్యి వేసి వంచేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వెన్ను బిగిసినవాళ్లు వీపు వంచలేరు, తుంటి దగ్గరే మడవాలి. మంచం ఇంకో రెండు మూడు అంగుళాలు ఎత్తు చేస్తే సగం కష్టం తీరుతుంది.

లేచాక పది లెక్కపెట్టి అడుగు వేయించండి. కట్టె నొప్పి ఉన్న కాలి వైపు కాదు, రెండో వైపు చేతిలో ఉండాలి. చెయ్యి కిందికి వేలాడేస్తే మణికట్టు దాకా వచ్చేదే సరైన కట్టె. కొసకు రబ్బరు బుష్ తప్పనిసరి. చక్రాల వాకర్ కొనేసి గొప్పగా చెబుతుంటారు. మన ఇండ్ల గడపల దగ్గర దాన్ని ఎత్తలేక ముసలామె అక్కడే ఆగిపోతుంది. కట్టే మేలు.

రోజూ తినే ముందు ఐదుసార్లు లేచి కూర్చోమనండి. "నువ్వు కూసో, మేం తెస్తం" అని అన్నీ అందిస్తే తొడల్లో సత్తువ పోతుంది. అయితే ఉన్నట్టుండి ఒక చెయ్యి, కాలు పట్టు తప్పినా, మూతి వంకర పోయినా లేపే ప్రయత్నం చేయకుండా 108కి ఫోన్ చేయండి.