ఫుల్‌ఫ్రేమ్ కెమెరా నుంచి పూర్తి స్పష్టత రాబట్టడం ఎలా: కృష్ణాతీరపు ఫొటోగ్రాఫర్ల కోసం

విజయవాడ, గుంటూరుల్లోని స్టూడియోల్లోనూ పెళ్లి ఫొటోగ్రాఫర్ల బ్యాగుల్లోనూ 45 లేదా 61 మెగాపిక్సెళ్ల ఫుల్‌ఫ్రేమ్ కెమెరా కనిపించడం ఇప్పుడు వింత కాదు. అయితే దానితో తీసిన ఫొటోను కంప్యూటరులో నూరు శాతం పరిమాణంలో తెరిచి చూసినప్పుడు, పాత 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చినదానికంటే అదనంగా ఏమీ కనిపించలేదని నిరాశపడేవారు ఉంటారు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, ఎత్తు 24 మిల్లీమీటర్లు. ఆ కొలత మారదు. అందులో 24 మెగాపిక్సెళ్లు ఉంటే ఒక్కొక్క పిక్సెల్ వెడల్పు సుమారు 6 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), 45 ఉంటే సుమారు 4.35 మైక్రాన్లు, 61 ఉంటే సుమారు 3.76 మైక్రాన్లు. పిక్సెల్ చిన్నదైన కొద్దీ, అంతకుముందు ఒకే పిక్సెల్‌లో ఇమిడిపోయిన చేతి వణుకు, ఫోకస్ తేడా, గాలి చలనం పక్క పిక్సెళ్లలోకి పాకి బయటపడతాయి. కొత్త కెమెరా మెనూల మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ట్రైపాడ్ కింది నేల మీద, ఎదుట ఉన్న గాలి మీద పెడితే ఫలితం బాగా మెరుగవుతుందని నా గట్టి నమ్మకం. అందుకే వాటికే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

కదలిక లేకుండా చూసుకోవడం

చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ స్పీడ్ కనీసం ఫోకల్ లెంగ్త్‌కు తగినట్టు ఉండాలని, అంటే 200 మిల్లీమీటర్ల లెన్సుకు 1/200 సెకను చాలని పాత సూత్రం చెబుతుంది. ఆ సూత్రం ఫిల్ము కాలపు మామూలు ప్రింట్లను దృష్టిలో పెట్టుకుని ఏర్పడింది. 45 మెగాపిక్సెళ్లకు పైబడిన కెమెరాలో దాన్ని రెట్టింపు చేసి 1/400 సెకనుతో మొదలుపెట్టాలి, వెలుతురు అనుమతిస్తే 1/500కు వెళ్లాలి. కెమెరాలోనో లెన్సులోనో ఉండే స్టెబిలైజేషన్ మన చేతి వణుకును తగ్గిస్తుంది కానీ, ఎదుటి మనిషి కదలికను ఆపలేదు. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో చెట్ల మీద వాలే గూడబాతులను తీయాలంటే స్టెబిలైజేషన్‌పై భరోసా పెట్టుకోకుండా 1/1600 లేదా అంతకంటే వేగంగా షట్టర్ ఉంచాలి.

ట్రైపాడ్ వాడేవారు ముందుగా అది నిలబడిన చోటును చూసుకోవాలి. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి, సుమారు 1.2 కిలోమీటర్ల పొడవునా వెలిగే దీపాలను సాయంత్రం వేళ తీయాలని చాలామందికి కోరిక ఉంటుంది. కానీ ఆ వంతెన మీద వాహనం వెళ్లిన ప్రతిసారీ కలిగే ప్రకంపన ట్రైపాడ్ కాళ్ల గుండా కెమెరాకు చేరుతుంది. కొన్ని సెకన్ల ఎక్స్‌పోజర్‌లో, అంటే షట్టర్ అంతసేపు తెరిచి ఉన్నప్పుడు, ఆ ప్రకంపన దీపాల అంచులను మందంగా మార్చడం తెర మీద స్పష్టంగా తెలుస్తుంది. బ్యారేజీనే తీయదలచుకుంటే భవానీపురం వైపు పున్నమి ఘాట్ రాతి మెట్ల మీద నుంచి గానీ, సీతానగరం వైపు గట్టి నేల మీద నుంచి గానీ తీయడం మేలు. తడి ఇసుకలో ట్రైపాడ్ కాళ్లు ఎక్స్‌పోజర్ జరుగుతుండగానే కొద్దికొద్దిగా దిగబడతాయి కాబట్టి, తప్పనిసరై ఇసుకలో పెట్టవలసివస్తే ముందు కాళ్లను గట్టిగా నొక్కి, ఒకటి రెండు నిమిషాలు కుదురుకోనివ్వాలి.

ట్రైపాడ్ మధ్య కడ్డీని పైకి లేపకూడదు. అదొక్కటే మూడు కాళ్ల బలాన్ని వృథా చేస్తుంది. నది మీది గాలికి కడ్డీ కొక్కేనికి బ్యాగు తగిలించేవారు, అది ఊగకుండా అడుగు నేలను ఆనుకునేలా చూసుకోవాలి. షట్టర్‌ను వేలితో నొక్కకుండా రిమోట్ వాడాలి, లేదా 2 సెకన్ల టైమర్ పెట్టాలి. నికాన్ డి850 వంటి అద్దం ఉన్న కెమెరాలో అద్దాన్ని ముందే పైకి లేపే సదుపాయాన్ని, దానితోపాటు ఎలక్ట్రానిక్ ముందు కర్టెన్‌ను (షట్టర్ మొదటి తెర కదలకుండా ఎక్స్‌పోజర్‌ను మొదలుపెట్టే సదుపాయాన్ని) వాడాలి. ట్రైపాడ్ మీద దీర్ఘ ఎక్స్‌పోజర్ తీసేటప్పుడు స్టెబిలైజేషన్ ఆపాలా వద్దా అనేది కెమెరాను బట్టి మారుతుంది కాబట్టి, రెండు విధాలా తీసి పోల్చి చూసుకోవడమే నమ్మదగిన మార్గం.

గాలి, వేళ

ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో దూరపు దృశ్యాల స్పష్టతను హరించేది ఎక్కువగా వేడి గాలే. ఎండకు కాలిన రాతి మీద, కాంక్రీటు మీద, తారు రోడ్డు మీద గాలి పొరలు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో కదులుతూ కాంతిని వంచుతాయి. మిట్టమధ్యాహ్నం గాంధీ కొండ మీద నుంచి టెలిఫొటో లెన్సుతో ఊరిని తీస్తే, ఎంత ఖరీదైన లెన్సయినా, ఎంత గట్టి ట్రైపాడయినా భవనాల అంచులు అలల్లా వంకర్లు పోతాయి. ఇది ఫోకస్ లోపమని భ్రమపడి లెన్సును సర్వీసుకు ఇచ్చేవారూ ఉంటారు. ఒకే దృశ్యాన్ని వరసగా పది ఫ్రేములు తీసి నూరు శాతంలో చూస్తే, గాలి వల్ల వచ్చిన లోపం ఒక్కో ఫ్రేములో ఒక్కో చోట కనిపిస్తుంది. ఫోకస్ లోపమైతే అన్నింటిలోనూ ఒకేలా ఉంటుంది.

దీనికి కెమెరాలో మందు లేదు. సూర్యోదయం తరువాత మొదటి గంటలో తీయాలి, వీలైనంత దగ్గరకు వెళ్లాలి, వేడెక్కిన రోడ్డు మీదుగా కాకుండా చెట్ల మీదుగానో నీటి మీదుగానో చూసే చోటును ఎంచుకోవాలి. వాన వెలిసిన మరుసటి ఉదయం దుమ్ము కడుక్కుపోయి గాలి తేటగా ఉంటుంది, కాబట్టి దూరపు కొండలకు అంతకంటే మంచి రోజు దొరకదు. చలికాలపు ఉదయాల్లో నది మీద పొగమంచు అందంగానే ఉంటుంది గానీ, అప్పుడు కావలసింది దూరపు వివరం కాదు. ఆ ఫొటోలకు 61 మెగాపిక్సెళ్లతో పనిలేదు. బ్యారేజీకి ఎగువన పడమటి నుంచి వచ్చే సాయంత్రపు ఎండ బ్యారేజీ ఎగువ ముఖం మీద నేరుగా పడుతుంది. ఉదయం ఎగువ నుంచే చూస్తే అది నీడ ఆకృతిగా మిగులుతుంది. ఏది కావాలో ముందే నిర్ణయించుకుని వెళ్లాలి.

ఫోకస్, ఎపర్చర్

ఆటో ఫోకస్‌ను నమ్మవచ్చు, కానీ కదలని దృశ్యానికి తెర మీద దృశ్యాన్ని పెద్దది చేసుకుని చేత్తో సరిచూసుకోవడం ఉత్తమం. ఫోన్ యాప్‌లలో దొరికే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (ఎంత దూరం నుంచి ఎంత దూరం వరకు స్పష్టంగా వస్తుందనే) లెక్కలతో జాగ్రత్త అవసరం. అవి సాధారణంగా 0.03 మిల్లీమీటర్ల మసకను ఆమోదయోగ్యంగా భావించి లెక్కవేస్తాయి. 24 మిల్లీమీటర్ల లెన్సుతో ఎఫ్/8 ఎపర్చర్ (లెన్సులో కాంతి వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కనున్న సంఖ్య పెరిగితే అది చిన్నదవుతుంది) దగ్గర సుమారు 2.4 మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే అనంతం వరకు స్పష్టంగా ఉంటుందని ఆ లెక్క చెబుతుంది. 0.03 మిల్లీమీటర్లంటే 45 మెగాపిక్సెళ్ల సెన్సర్ మీద దాదాపు 7 పిక్సెళ్లు. అంటే ఆ లెక్క ప్రకారం తీసిన ఫొటోలో దూరాన ఉన్న ఇంద్రకీలాద్రి రాళ్లు మెత్తగా కనిపిస్తాయి. ఆ మసక 0.01 మిల్లీమీటరుకు మించకూడదనుకుంటే అదే లెన్సును సుమారు 7 మీటర్ల దూరంలో ఫోకస్ చేయాలి. దగ్గరి ఘాట్ మెట్టు కంటే దూరపు కొండే ముఖ్యమైనప్పుడు నేరుగా కొండ మీదే ఫోకస్ చేయడం మరింత మంచిది.

అన్నీ స్పష్టంగా రావాలని ఎపర్చర్‌ను ఎఫ్/22 దాకా మూసివేయడం మరొక పొరపాటు. చిన్న రంధ్రం గుండా వెళ్లిన కాంతి వ్యాపించడం వల్ల బిందువు ఒక చిన్న వృత్తంగా సెన్సర్ మీద పడుతుంది. ఆ వృత్తం వ్యాసం ఆకుపచ్చ కాంతికి ఎఫ్/8 వద్ద సుమారు 11 మైక్రాన్లు, ఎఫ్/16 వద్ద సుమారు 21 మైక్రాన్లు ఉంటుంది. చాలా లెన్సులు ఎఫ్/5.6, ఎఫ్/8 మధ్య తమ ఉత్తమ స్పష్టతను ఇస్తాయి. ఎఫ్/11 వరకు అభ్యంతరం లేదు. ఎఫ్/16ను అవసరం తెలిసి మాత్రమే వాడాలి. కొండపల్లి బొమ్మలను దగ్గరగా తీసేవారికి ఇది మరింత ముఖ్యం. తెల్లపొణికి కర్ర మీద వేసిన రంగు గీతలను దగ్గర నుంచి చూపాలంటే ఎపర్చర్‌ను మూసేకంటే, ఎఫ్/8 వద్ద ఉంచి, ఫోకస్‌ను ముందు నుంచి వెనక్కి జరుపుతూ అనేక ఫ్రేములు తీసి కంప్యూటరులో కలపాలి. కొత్త కెమెరాలు కొన్ని ఆ జరపడాన్ని స్వయంగా చేస్తాయి.

లెన్సు ఒక పక్కకు వంగి ఉందేమో తెలుసుకోవడానికి ఇటుక గోడను ట్రైపాడ్ మీద నుంచి సమాంతరంగా తీసి నాలుగు మూలలనూ పోల్చాలి. ఒక మూల మాత్రమే మసకగా ఉంటే లోపం లెన్సులో ఉన్నట్టే. చవక యూవీ ఫిల్టర్‌ను తీసేసి అదే పరీక్ష మరోసారి చేయండి; అప్పుడు ఆ ఫిల్టర్ ఉండాలో వద్దో మీకే తెలుస్తుంది.

ఎరుపు రంగు, మిరప కల్లాలు

కెమెరా చూపే హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగునీడల పంపకాన్ని చూపే గ్రాఫు) సెన్సర్ నమోదు చేసిన రా ఫైలుది కాదు, దాని నుంచి తయారయ్యే జెపెగ్‌ది. గుంటూరు జిల్లా కల్లాల్లో ఎండబెట్టిన మిరపకాయల గుట్టను ఎండలో తీసినప్పుడు మొత్తం వెలుతురు సరిగానే ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, ఎరుపు ఛానెల్ ముందే నిండిపోయి కాయల మీది ముడతలూ మెరుపూ ఒకే చదును ఎరుపు ముద్దగా మారిపోతాయి. ముదురు రంగు కాయల దగ్గర ఇది మరింత తెలుస్తుంది. మూడు రంగులను విడివిడిగా చూపే హిస్టోగ్రామ్‌ను తెరిచి, ఎరుపు కుడి అంచును తాకుతుంటే ఎక్స్‌పోజర్‌ను మూడింట రెండు స్టాపుల వరకు తగ్గించాలి. పిక్చర్ స్టైల్‌ను న్యూట్రల్‌లో, కలర్ స్పేస్‌ను అడోబ్ ఆర్‌జీబీలో పెడితే హిస్టోగ్రామ్ రా ఫైలుకు మరికొంత దగ్గరగా ఉంటుంది. ఎప్పుడూ రాలోనే, కుదిరితే 14 బిట్‌లలో, నష్టం లేని కంప్రెషన్‌తో తీయాలి. పెళ్లిళ్లలో రంగుల షామియానా కింద ముఖాల మీద పడే వెలుతురు రంగు మారుతుంది; అక్కడ గ్రే కార్డుతో వైట్ బ్యాలెన్స్ చేసుకుంటే తరువాత గంటల పని ఆదా అవుతుంది.

నేత బట్టలు

ఈ తరగతి కెమెరాల్లో చాలా వాటికి సెన్సర్ ముందు కాంతిని కొద్దిగా మసకబరిచే ఫిల్టర్ ఉండదు. నికాన్ డి850కి లేదు. దానివల్ల వివరం పెరుగుతుంది గానీ, మంగళగిరి నేత చీరల సన్నని గళ్లు, అంచు దారాల వరసలు సెన్సర్ గళ్లతో తలపడి లేని రంగు చారలను పుట్టిస్తాయి. కెమెరా తెర మీద చిన్నదిగా చూస్తే కనిపించే చారలన్నీ నిజమైనవి కావు కాబట్టి నూరు శాతంలో చూసి నిర్ధారించుకోవాలి. నిజంగా ఉంటే రెండడుగులు ముందుకో వెనక్కో జరగాలి, లేదా కోణం కొద్దిగా మార్చాలి. చీరల క్యాటలాగులు తీసేవారు ఈ పరీక్షను ప్రతి కొత్త నేతకూ చేయాలి.

మండపంలో

జీలకర్ర బెల్లం పెట్టే క్షణానికి రెండో అవకాశం లేదు. ఆ సమయంలో ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) పెంచితే గ్రెయిన్ (ఫొటోలో గరుకు చుక్కలు) వస్తుందని భయపడి 1/60 సెకనుతో తీయడం కంటే, ఐఎస్ఓ 3200 పెట్టి 1/250తో తీయడం మేలు. గ్రెయిన్‌ను సాఫ్ట్‌వేర్‌లో తగ్గించవచ్చు, కదిలిపోయిన చేతులను తిరిగి నిలబెట్టలేం. పైగా ఒకే పరిమాణంలో ప్రింటు వేస్తే ఎక్కువ పిక్సెళ్ల కెమెరా గ్రెయిన్ తక్కువ పిక్సెళ్లదానికంటే చెప్పుకోదగినంత ఎక్కువగా కనిపించదు. ఎల్‌ఈడీ దీపాలున్న మండపంలో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే ఫొటోలో అడ్డంగా చారలు పడవచ్చు. మెకానికల్ షట్టర్‌కు మారి, ఫ్లికర్ (దీపాల మినుకు) తగ్గించే సెట్టింగును ఆన్ చేయాలి. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి కదలిక తక్కువ ఉన్న సందర్భాల్లో 1/50 లేదా 1/100 సెకను సురక్షితం.

ఏసీ గది నుంచి ఉక్కపోతలోకి వెళ్లేటప్పుడు కెమెరాను మూసిన బ్యాగులోనే అరగంట ఉంచితే లెన్సు మీద తేమ పట్టదు. మిరప కల్లంలో, ఘాటు దుమ్ములో లెన్సు మార్చకండి. ఇంట్లో 40 నుంచి 50 శాతం తేమ ఉండే డ్రై క్యాబినెట్‌లో పెడితే ఫంగస్ రాదు.

ఫైళ్లు, ప్రింటు

45 మెగాపిక్సెళ్ల రా ఫైలు నష్టం లేని కంప్రెషన్‌లోనూ సుమారు 50 మెగాబైట్లు ఉంటుంది. ఒక పెళ్లిలో 3000 ఫ్రేములు తీస్తే అది 150 గిగాబైట్లు. ఆ రాత్రే రెండు వేర్వేరు డిస్కుల్లోకి కాపీ చేసి, తరువాతే కార్డు ఖాళీ చేయాలి. బంధువుల గుంపు ఫొటోలకు చిన్న పరిమాణపు రా చాలు, దాన్ని వాడటానికి సంకోచించకండి.

సాఫ్ట్‌వేర్‌లో అంచులకు పదును పెట్టే షార్పెనింగ్‌ను తక్కువ వ్యాసార్థంతో, సుమారు 0.7 నుంచి 0.8 పిక్సెల్‌తో మొదలుపెట్టాలి. మామూలు డెస్క్‌టాప్ మానిటరు మీద 8256 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోను నూరు శాతంలో చూడటమంటే సుమారు ఏడున్నర అడుగుల వెడల్పు ప్రింటును చేయి చాపినంత దూరం నుంచి చూడటమే. అంత పెద్ద ప్రింటు వేసుకోని వారు అక్కడ కనిపించే ప్రతి చిన్న లోపానికీ కంగారు పడనక్కరలేదు. మన ఊళ్లలో పెళ్లి ఆల్బముకు వాడే 12×36 అంగుళాల జంట పేజీకి 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్ల) లెక్కన 10800 పిక్సెళ్ల వెడల్పు కావాలి. 61 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చేది 9504. ఒకే ఫొటోను రెండు పేజీలకూ పరిచేటప్పుడు కత్తిరింపుకు చోటు ఉండదు కాబట్టి, అటువంటి పేజీ కోసమని తెలిసి తీసే ఫ్రేములో ఎటూ ఖాళీ వదలకుండా వెడల్పు మొత్తం వాడుకోవాలి.