అమెరికాలో ఇండియన్ ఫుడ్ ట్రక్ దగ్గర తినే ముందు

- ట్రక్కు మీద స్థానిక హెల్త్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ ఉందో లేదో చూడండి. కనిపించకపోతే అడగండి, మొహమాటం వద్దు.

- డబ్బులు తీసుకున్న చేత్తోనే పునుగులు సర్దుతున్నారా? అయితే అక్కడ తినకండి.

- పెనం మీంచి అప్పుడే దిగిన దోసె మీద నాకు నమ్మకం ఎక్కువ. ముందే వండి ఉంచిన బిర్యానీ, కూరలు పొగలు కక్కుతూ ఉండాలి. వేడి పదార్థాలను కనీసం 57 డిగ్రీల సెల్సియస్‌లో, చల్లనివి 5 డిగ్రీల లోపు ఉంచాలని అక్కడి ఎఫ్‌డీఏ (ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ) ఫుడ్ కోడ్ చెబుతుంది. కొబ్బరి చట్నీ, పెరుగు ఎండలో బయట పెట్టి ఉంటే వదిలేయండి. పానీపూరీ నీళ్లు ఎక్కడివో కూడా అడగాలి.

- అలర్జీ ఉన్నవాళ్లు ఆర్డర్‌కు ముందే చెప్పాలి. గ్రేవీల్లో జీడిపప్పు, చట్నీల్లో వేరుశనగ కంటికి కనబడవు. గోధుమ పడనివాళ్లు ఇంగువ గురించి కూడా అడగండి, పొడి ఇంగువలో తరచూ గోధుమపిండి కలుపుతారు. ఇరుకైన ట్రక్కులో అన్నిటికీ ఒకే గరిటె వాడే అవకాశం ఎక్కువ, కాబట్టి అలర్జీ తీవ్రమైతే అసలు తినకపోవడమే మంచిది.

- శాకాహారులు మిర్చిబజ్జీ, చికెన్ పకోడీ ఒకే నూనెలో వేయిస్తున్నారేమో కనుక్కోవాలి. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకెళ్తే ఇది మరీ ముఖ్యం.

- పిల్లలకు కారం తగ్గించమని ముందే చెప్పండి.

- మిగిలింది ప్యాక్ చేయించుకుంటే రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. టెక్సాస్ వేసవిలో కారులో వదిలేసి షాపింగ్‌కు వెళ్లకండి.