కుక్క కాలేయం, రక్తపరీక్ష – నాలుగో పాఠం: ఏఎల్‌టి, ఏఎల్‌పి

పోయిన పాఠంలో రక్తం తీసి, ట్యూబు కదపకుండా నిలబెట్టి, సీరం తేరనివ్వడం చూశాం. ఆ ట్యూబుని ఒకసారి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకోండి. మనిషి సీరం లేత పసుపు. కుక్కది దాదాపు రంగే ఉండదు. అది పసుపుగా కనబడితే మిషను చెప్పకముందే పసికర్లు అనుమానించాలి. గులాబీ రంగుంటే మాత్రం సిరంజితో గట్టిగా లాగి ఎర్రకణాలు చితికించామన్నమాట. అందులో ఏఎస్‌టి అనే ఎంజైమ్ లేనిపోనంత ఎక్కువ చూపిస్తుంది. మొహమాటపడకుండా మళ్లీ తీయండి.

పర్లాకిమిడి, గుణుపురం వైపు మనం తరచు మనుషుల ల్యాబుకే పంపుతాం. రిపోర్టులో ఎస్‌జీపీటీ అని ఉంటుంది. అదే ఏఎల్‌టి. పక్కన అచ్చేసిన నార్మల్ మాత్రం మనిషిది, దాంతో పోల్చొద్దు. కుక్కకి చాలా మిషన్లలో వంద దాకా మామూలే.

ఏఎల్‌టి కాలేయ కణం లోపల ఉండే ఎంజైమ్. కణం దెబ్బతింటే రక్తంలోకి కారుతుంది. దెబ్బ ఆగిపోతే రెండు మూడు రోజులకోసారి సుమారు సగానికి దిగుతూ వస్తుంది. అందుకే కాన్సరు మందులు వాడే కుక్కలో ఒక్క రిపోర్టు చాలదు. లోముస్టిన్ ఇస్తుంటే ప్రతి డోసు ముందూ ఏఎల్‌టి చూసి తీరాలి. ఆ మందు చేసే దెబ్బ డోసు మీద డోసు పడేకొద్దీ పేరుకుంటుంది, కుక్క హుషారుగా తిరుగుతుండగానే.

ఏఎల్‌పి అనే రెండో ఎంజైమ్ దారి వేరు. అది కారేది తక్కువ, కొత్తగా తయారయ్యేది ఎక్కువ. పిత్తం పారక నిలిచిపోయినా పెరుగుతుంది, స్టెరాయిడ్ ఇచ్చినా పెరుగుతుంది. స్టెరాయిడ్‌కి పుట్టే ప్రత్యేకమైన ఏఎల్‌పి ఒకటి కుక్కల్లో ఉంది, మనుషుల్లో లేదు. ఎముక కాన్సరులోనూ, ఎదిగే కుక్కపిల్లల్లోనూ ఏఎల్‌పి ఎముక నుంచే రావచ్చు.

ఇక్కడే నాకు బాగా బాధ కలిగించిన సంగతి చెప్పాలి. పాతపట్నం నుంచి ఒకావిడ లింఫోమా (లింఫు గ్రంథుల కాన్సరు) ఉన్న కుక్కని తెచ్చారు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర నడుస్తోంది. ఏఎల్‌పి 640, ఏఎల్‌టి 72, సీరంకి పసుపు రంగు తెచ్చే బిలిరుబిన్ 0.2. ఎవరో 'లివర్ పోయింది' అన్నారట, టెన్షన్‌తో ఆవిడ ఆ మాత్ర ఒక్కసారిగా ఆపేశారు. మూడో రోజుకి కుక్క లేవలేదు, నీళ్లు కూడా ముట్టలేదు. 'నా చేతులతోనే చంపుకుంటున్నానా, డాక్టరుగారూ?' అన్నారు. లేదమ్మా అని చెప్పి, మందు తిరిగి మొదలుపెట్టాం, కోలుకుంది. ఏఎల్‌టి కదలకుండా ఏఎల్‌పి ఒక్కటే పెరిగితే ముందు మందుల చీటీ చూడండి. స్టెరాయిడ్‌ని ఎప్పుడూ ఒక్కసారిగా ఆపకండి.

దీనికి తిరగబడిన సంగతి కూడా ఉంది. కాలేయంలో గడ్డలున్నా ఎంజైములు నార్మల్‌గా ఉండొచ్చు. రిపోర్టు బాగుందని స్కాన్ మానేయకూడదు. ఎంజైమ్ దెబ్బని చెబుతుందే గానీ, కాలేయం పని చేస్తోందో లేదో చెప్పదు. దానికి బిలిరుబిన్, ఆల్బుమిన్, పిత్త ఆమ్లాలు చూడాలి. వాటికి వచ్చే పాఠం ఉంది.

అయితే బిలిరుబిన్ గురించి ఒక్క మాట ఇప్పుడే చెప్పాలి. మన వీధికుక్కల జననాంగాల మీద వచ్చే, ఒకదాని నుంచి ఒకదానికి అంటుకునే గడ్డకి వారానికోసారి విన్‌క్రిస్టిన్ ఇస్తాం కదా. ఆ మందు ఎక్కువగా పిత్తంతోనే బయటికి పోతుంది. బిలిరుబిన్ పెరిగిన కుక్కకి మామూలు డోసు ఇస్తే మందు ఒంట్లోనే నిలిచి విషమవుతుంది. ఇంజెక్షన్ ముందు సీరం రంగైనా చూడండి.

ఈ వారం అభ్యాసం. లోముస్టిన్ మూడో డోసు ఇవ్వాల్సిన కుక్క. ఏఎల్‌టి 480, ఏఎల్‌పి 210, బిలిరుబిన్ 0.3, ఆల్బుమిన్ 3.1. బాగా తింటోంది, తోక ఊపుతోంది. రేపు డోసు ఇస్తారా? ఇవ్వకపోతే మళ్లీ రక్తం ఎన్నాళ్లకి తీస్తారు, అందులో ఏ అంకె కోసం చూస్తారు? కారణంతో సహా నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.