పెరట్లో క్రాన్‌బెర్రీకి చెరువు అక్కర్లేదు

న్యూజెర్సీకి వచ్చిన కొత్తలో వాక్కాయ పప్పు మీద మనసు పోయినప్పుడల్లా అలాగే పుల్లగా ఉండే క్రాన్‌బెర్రీలనే చిన్న ఎర్ర కాయలు కొనుక్కొచ్చి కందిపప్పులో వేసేవాళ్ళం, ఇప్పుడు పెరట్లోనే కాస్తున్నాయి. ఈ మాట ఎవరికి చెప్పినా, మీ ఇంట్లో చెరువుందా అని అడుగుతారు. టీవీలో క్రాన్‌బెర్రీ తోటలు నీళ్ళతో నిండి కనిపిస్తాయి కదా, ఆ నీళ్ళు కోతకు పెట్టేవి. కాయలో నాలుగు గాలి గదులుంటాయి కాబట్టి నీళ్ళు పెట్టి తీగల్ని కదిపితే ఊడి పైకి తేలతాయి. పెరిగేటప్పుడు మాత్రం నేల తడిగా ఉంటే చాలు, మడుగు కడితే వేరు కుళ్ళిపోతుంది.

అసలు కష్టమంతా మట్టితోనే. పీహెచ్ 4 నుంచి 5.5 మధ్య ఉండాలి, అంటే బాగా ఆమ్ల గుణం ఉన్న నేల. మొదటి ఏడు నేను వంకాయ మొక్కకు చేసినట్టే పశువుల ఎరువు దట్టించి నాటాను, ఆకులు పసుపెక్కి నా కళ్ళ ముందే పోయాయి. రెండోసారి నాలుగడుగుల చదరం, 8 అంగుళాల లోతు తవ్వి, ఉన్న మట్టి తీసేసి, బాగా తడిపిన పీట్ మాస్‌లో (చిత్తడి నేలల్లో నాచు మగ్గి తయారయ్యే ఆమ్ల గుణమున్న పదార్థం) కాస్త ఇసుక కలిపి నింపాను. పొడి పీట్ నీళ్ళు పీల్చదు, ముందే నానబెట్టండి. సున్నం, బూడిద దగ్గరికి కూడా రానివ్వకండి. కుళాయి నీళ్ళు కఠినంగా ఉంటే వాన నీళ్ళు పట్టి పోయండి.

వసంతంలో అడుగుకొకటి చొప్పున నాటుకోవాలి. ముందు నేల మీద తీగలు పాకుతాయి, వాటి నుంచి నిలువుగా లేచే చిన్న కొమ్మలే కాస్తాయి, దానికి మూడేళ్ళు పడుతుంది. తీగల మీద అర అంగుళం ఇసుక చల్లితే అక్కడక్కడా వేళ్ళు దిగుతాయి. ఎరువు ఎక్కువైతే తీగే తప్ప కాయ ఉండదు. కలుపు మాత్రం చేత్తో పీకాల్సిందే, నడుము పడిపోతుంది!

జూన్‌లో పూత, అప్పుడు మందులు కొట్టకండి, తేనెటీగలు రావాలి. చలికాలంలో పైన్ ఆకులు కప్పండి. హైదరాబాద్‌లో మా అక్క మొక్క పంపమంటోంది కానీ, నెలల తరబడి చలి లేకపోతే ఇది పూయదు, అక్కడ వాక్కాయే నయం.

అక్టోబర్‌లో కాయ ఎర్రబడ్డాక బల్ల మీద వదలండి, ఎగిరితే గట్టి కాయ. కడిగి ఆరబెట్టి ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి పప్పులోకి వస్తాయి, చింతపండు మాత్రం వేయకండి.