శివారు రోడ్లకు నిధులు: ఇళ్లు లేవకముందే చేయవలసిన పనులు

హైదరాబాద్ శివారులో మా కాలనీకి వచ్చే రోడ్డును ఒక ఆదివారం ఉదయం నలుగురం కలిసి టేపు పట్టి కొలిచాము. మాస్టర్ ప్లాన్ పటంలో అది 60 అడుగుల రోడ్డు. టేపు చూపించినది 31 అడుగులు, అందులోనూ ఒక పక్క కరెంటు స్తంభాలు, మరో పక్క మూత లేని మురుగుకాలువ పోగా బండ్లు నడిచే తారు 20 అడుగులకు మించలేదు. ఆ 20 అడుగుల మీదే ఉదయం ఎనిమిదిన్నరకు స్కూలు బస్సులు, నీళ్ల ట్యాంకర్లు, కాంక్రీటు మిక్సర్ లారీలు ఎదురెదురుగా నిలబడిపోతాయి. రోడ్డు పొడవునా కొత్త అపార్టుమెంట్ల పునాదులు మాత్రం తవ్వుతూనే ఉన్నారు. ఇదే పరిస్థితిలో ఉన్న కాలనీ సంక్షేమ సంఘాలకు, వార్డు ప్రతినిధులకు ఉపయోగపడాలని, రోడ్డు డబ్బు ఎక్కడ పుడుతుందో, దానిని రోడ్డు దాకా ఎలా తెచ్చుకోవాలో ఇక్కడ రాస్తున్నాను.

మొదట తేల్చుకోవలసినది భూమి లెక్క. చాలామంది రోడ్డంటే కంకర, తారు, కాంట్రాక్టరు బిల్లు అనుకుంటారు కానీ, శివారులో అసలు ఖర్చు నేలకే అవుతుంది. 4 కిలోమీటర్ల రోడ్డును 30 అడుగుల నుంచి 60 అడుగులకు పెంచాలంటే దాదాపు 9 ఎకరాలు, అంటే సుమారు 43,700 గజాల స్థలం కావాలి. గజం 40,000 రూపాయలనుకుంటే దాని విలువ 175 కోట్లు. 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం దానికి సమానమైన మొత్తాన్ని సొలేషియం, అంటే ఓదార్పు సొమ్ము కింద అదనంగా ఇవ్వాలి కనుక 350 కోట్లవుతుంది. ఏ శివారు మున్సిపాలిటీ బడ్జెట్ కూడా ఈ భారాన్ని మోయలేదు. అందుకే డబ్బు ఇచ్చి భూమి కొనే మార్గాన్ని ఆఖరుకు ఉంచుకొని, భూమి దానంతట అది రోడ్డుకు వచ్చే మార్గాలను ముందుగా వాడుకోవాలి.

ఆ మార్గాలలో అన్నిటికన్నా బలమైనది భవన అనుమతి. మాస్టర్ ప్లాన్ రోడ్డు పడే స్థలంలో ఎవరైనా కట్టడానికి దరఖాస్తు చేసినప్పుడు, విస్తరణలో పోయే పట్టీని గిఫ్ట్ డీడ్ (దాన దస్తావేజు) ద్వారా స్థానిక సంస్థకు రాయించుకొని, దానికి బదులుగా సెట్‌బ్యాక్‌లలో, అంటే భవనం చుట్టూ వదలవలసిన ఖాళీలో సడలింపు గానీ, అదనంగా కట్టుకునే హక్కునిచ్చే అభివృద్ధి హక్కుల బదలాయింపు పత్రం, అంటే టీడీఆర్ గానీ ఇస్తారు. తెలంగాణలో మాస్టర్ ప్లాన్ రోడ్డుకు వదిలిన స్థలానికి 400 శాతం మేర టీడీఆర్ ఇచ్చే వెసులుబాటు ఉంది. ఆ పత్రాన్ని యజమాని తానే వాడుకోవచ్చు, లేదా అదనపు అంతస్తు కోరుకునే బిల్డరుకు అమ్ముకోవచ్చు. ఖజానా నుంచి నగదు కదలదు, యజమానీ నష్టపోడు. అయితే ఈ పద్ధతి ఒక్కొక్క ప్లాటు అనుమతికి వచ్చినప్పుడే పని చేస్తుంది కాబట్టి, మధ్యలో పాత ఇళ్లు, ఖాళీ ప్లాట్లు ఉన్న చోట రోడ్డు ముక్కలు ముక్కలుగా వెడల్పవుతుంది. మా రోడ్డులో ఒక అపార్టుమెంటు ముందు 60 అడుగులు ఉండి, పక్కనే ఉన్న ప్రహరీ గోడ దగ్గర ఒక్కసారిగా 30కి కుంచించుకుపోతుంది. ఆ గోడ మీద విస్తరణ గుర్తుగా వేసిన ఎర్ర రంగు బాణం వెలిసిపోయి, దాని మీదుగా సున్నం కూడా పడింది. కాబట్టి సంఘం చేయవలసిన మొదటి పని, రోడ్డుకు ఇరువైపులా సర్వే నంబర్ల వారీగా ఎవరి స్థలం ఎంత పోతుందో, ఎవరు ఇప్పటికే రాసిచ్చారో, ఎవరితో మాట్లాడవలసి ఉందో ఒక పట్టిక తయారు చేసుకొని, టౌన్ ప్లానింగ్ విభాగం చేత హద్దురాళ్లు పాతించడం.

భూమి దారిలో పడ్డాక డబ్బు సంగతి చూడాలి. కొత్త ఇళ్లు కట్టేవారు, కొనేవారు రోడ్డు కోసం ఇప్పటికే చెల్లిస్తున్నారని నేను గట్టిగా నమ్ముతాను. కొరత వసూలులో లేదు, వసూలైన సొమ్ము ఏ ఖాతాలో ఉందో అడిగేవారు లేకపోవడంలో ఉంది. లేఅవుట్, భవన అనుమతుల సమయంలో అభివృద్ధి ఛార్జీలు, వసతుల మెరుగుదలకు తీసుకునే బెటర్‌మెంట్ ఛార్జీలు కడతారు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన భవన నియమాలు, అంటే జీవో 168, 15 మీటర్లకు మించిన భవనాల మీద నగర స్థాయి మౌలిక వసతుల ఇంపాక్ట్ ఫీజును విధించాయి. ఆ సొమ్మును ప్రత్యేక ఎస్క్రో ఖాతాలో, అంటే నిర్దేశించిన పనికే వాడవలసిన ఖాతాలో ఉంచాలని, అందులో సగాన్ని ఆ ప్రాంతపు వసతులకే వాడాలని, అందుకు ఒక వసతుల ప్రణాళికను తయారు చేయాలని అవే నియమాలు చెబుతున్నాయి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, మీ ప్రాంతం నుంచి గత ఐదేళ్లలో ఇంపాక్ట్ ఫీజు కింద ఎంత వచ్చింది, ఖాతాలో నిల్వ ఎంత, ఏ పనులకు ఖర్చయింది అనే మూడు ప్రశ్నలు అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అనుమతి ఇచ్చినది హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) అయితే దరఖాస్తు అక్కడికి, స్థానిక సంస్థ అయితే అక్కడికి వెళ్లాలి. చాలామంది ఇక్కడే పొరబడి, ఒక కార్యాలయం నుంచి మరొక కార్యాలయానికి కాగితం బదిలీ అవుతుండగా నెలలు పోగొట్టుకుంటారు.

రెండో ఊట రిజిస్ట్రేషన్. తెలంగాణలో 2021 జూలై నుంచి అమ్మకపు దస్తావేజు మీద వసూలు చేసే 7.5 శాతంలో 1.5 శాతం బదిలీ సుంకం, అది స్థానిక సంస్థకు చెందవలసిన భాగం. ఒక రోడ్డు మీద 3,000 ఫ్లాట్లు ఒక్కొక్కటి 60 లక్షల చొప్పున రిజిస్టరైతే, ఆ సుంకమే 27 కోట్లవుతుంది. ఈ సొమ్ము ప్రభుత్వం ద్వారా తిరిగి రావలసి ఉన్నందున ఆలస్యమవుతుంది, వచ్చాక జీతాలకో, వీధిదీపాల బిల్లుకో కరిగిపోతుంది. అందుకని బడ్జెట్ తయారయ్యే నెలల్లోనే, బదిలీ సుంకంలో ఒక నిర్దిష్ట వాటాను పేరు పెట్టి ఆ రోడ్డుకే కేటాయించాలని పాలకవర్గం చేత తీర్మానం చేయించాలి. ఏ రోడ్డు, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎంత వెడల్పు అని తీర్మానంలో రాయకపోతే ఆ కాగితం నిలవదు.

ఈ రెండు రాబడులూ ఏటేటా కొద్దికొద్దిగా వస్తాయి, రోడ్డుకు మాత్రం ఒకేసారి డబ్బు కావాలి. ఆ ఎడాన్ని అప్పు పూడ్చగలదు. హైదరాబాద్ నగరపాలక సంస్థ అయిన జీహెచ్‌ఎంసీ 2018 ఫిబ్రవరిలో 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల బాండ్లు అమ్మి, రోడ్లు, ఫ్లైఓవర్ల పనులకు మళ్లించింది. చిన్న మున్సిపాలిటీకి బాండ్ల మార్కెట్ అందదు కాబట్టి రాష్ట్ర స్థాయి సంస్థ ద్వారా రుణం తీసుకోవలసి వస్తుంది, అప్పుడు కూడా తీర్చడానికి చూపించవలసిన ఆధారం ఆ ఎస్క్రో ఖాతాయే. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, అవి ఒక నియోజకవర్గమంతటికీ కాబట్టి, ఒక కల్వర్టుకో బస్‌బేకో అడగవచ్చు తప్ప వాటి మీద ప్రధాన రోడ్డును ఆధారపడనివ్వకూడదు.

ఇంకా పొలాలుగానే ఉన్న ప్రాంతాలవారికి ఇంతకన్నా మంచి అవకాశం ఉంది. గుజరాత్‌లో 1976 చట్టం కింద టౌన్ ప్లానింగ్ స్కీములు నడుస్తాయి. అక్కడ రైతులందరి భూమినీ కలిపి, రోడ్లకు, పార్కులకు కావలసినంత తీసుకొని, మిగిలినదాన్ని తీర్చిన ప్లాట్లుగా ఎవరిది వారికి తిరిగి ఇస్తారు. అహ్మదాబాద్ చుట్టూ ఉన్న 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగ్ రోడ్డు భూమి చాలావరకు ఈ దారిలోనే సమకూరింది. రోడ్డు ముందుంటే నేల ధర ఎలా లేస్తుందో మనకూ తెలుసు. వెడల్పాటి రోడ్లతో తీర్చిన కోకాపేట నియోపొలిస్ లేఅవుట్‌లో 2023 ఆగస్టు వేలంలో ఎకరం గరిష్ఠ ధర 100 కోట్లు దాటింది. పొలం రైతు చేతిలో ఉండగానే భూమిని కలిపే ఒప్పందం కుదరాలి, ఒకసారి 200 గజాల ప్లాట్లుగా అమ్ముడయ్యాక వందల మందితో మాట్లాడవలసి వస్తుంది.

పనికి ఎస్టిమేటు వేయించేటప్పుడు స్తంభాల తరలింపు, మంచినీటి పైపు, మురుగు లైను, వరద కాలువ అన్నీ అందులోనే ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడండి. మా రోడ్డు తారు వేసిన నాలుగో నెలలోనే పైపు కోసం మధ్యకు తవ్వారు, ఆ గాడి పూడ్చిన మట్టి మొదటి వానకే కుంగిపోయింది. విస్తరించిన చోట స్తంభాలను కదల్చకపోవడంతో అవి ఇప్పుడు రోడ్డు నడుమ నిలబడి ఉన్నాయి, రాత్రి పూట ద్విచక్రవాహనదారులకు కనబడవు. పని మొదలయ్యాక కూడా కొత్త అనుమతులు ఆగవు కనుక, ప్రతి మూడు నెలలకు ఒకసారి కొత్తగా వచ్చిన ఫ్లాట్ల సంఖ్యను, ఎస్క్రోలో చేరిన సొమ్మును, పూర్తయిన మీటర్లను ఒకే కాగితం మీద రాసి వార్డు కార్యాలయం నోటీసు బోర్డుకు అంటించమని అడగండి. ఫ్లాట్ల వరుస మీటర్ల వరుసను దాటిపోతున్నట్టు కనిపించిన త్రైమాసికంలోనే, తర్వాతి పెద్ద భవనం అనుమతికి రోడ్డు పట్టీ అప్పగింతను ముందస్తు షరతుగా పెట్టాలని కమిషనరుకు రాతపూర్వకంగా విన్నవించి, ఆ కాగితం మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి.